తల తిరగడంతో పాటు ఒకటి రెండుగా కనిపిస్తే: తరచుగా అడిగే ప్రశ్నలు

"కళ్ళు తిరుగుతున్నాయి" అని చెబితే డాక్టరు మళ్ళీ అన్ని ప్రశ్నలు ఎందుకు అడుగుతారు?

తెలుగులో ఈ ఒక్క మాటతో మనం కనీసం నాలుగు వేర్వేరు బాధలను చెప్పుకుంటాం. గది గిర్రున తిరుగుతున్నట్టు ఉన్నా కళ్ళు తిరుగుతున్నాయంటాం, ఉపవాసం ఉన్న రోజు లేచి నిలబడగానే బైర్లు కమ్మినా అదే అంటాం, నడుస్తుంటే పక్కకు తూలుతున్నా అదే అంటాం, చివరకు ఎదుటి మనిషి ఇద్దరుగా కనిపించినా కొందరు అదే మాటతో సరిపెడతారు. వీటి కారణాలు మాత్రం ఒకటి కావు. గిర్రున తిరగడం సాధారణంగా లోపలి చెవి నుంచి గాని మెదడు వెనుక భాగం నుంచి గాని వస్తుంది. బైర్లు కమ్మడం చాలావరకు రక్తపోటు పడిపోవడం వల్ల, ఒంట్లో నీరు తగ్గడం వల్ల, రక్తహీనత వల్ల లేదా గుండె లయ తప్పడం వల్ల వస్తుంది. తూలడం అనేది చిన్నమెదడు, కాళ్ళ నరాలు, కొన్ని మందులు వంటి వాటిని అనుమానించవలసిన లక్షణం. కాబట్టి డాక్టరు దగ్గర "కళ్ళు తిరుగుతున్నాయి" అని ఆపేయకుండా, తిరుగుతున్నది ఏమిటో, ఎంతసేపు తిరిగిందో, ఆ సమయంలో వస్తువులు రెండుగా కనిపించాయో లేదో విడివిడిగా చెప్పడం మంచిది. ఈ చివరి వివరం రోగనిర్ణయం దారినే మార్చగలదు.

ఒక్కో కన్ను మూసి చూడమంటారు. దానివల్ల తెలిసేదేమిటి?

ఇది ఖర్చు లేని పరీక్ష, ఇంట్లోనే చేసుకోవచ్చు. దూరంగా ఉన్న గోడ గడియారాన్నో కిటికీ ఊచనో చూస్తూ, ముందు కుడి కన్ను, తరువాత ఎడమ కన్ను అరచేతితో పూర్తిగా మూయండి. ఏ కన్ను మూసినా రెండో బొమ్మ మాయమైతే, కళ్ళు విడివిడిగా బాగానే చూస్తున్నాయనీ, రెండూ ఒకే చోటికి గురిపెట్టలేకపోతున్నాయనీ అర్థం. లోపం కంటిని కదిపే కండరాల్లో, వాటికి ఆదేశాలు మోసుకెళ్ళే నరాల్లో లేదా ఆ నరాలు పుట్టే మెదడు కాండంలో ఉండవచ్చు.

ఒక కన్ను మూసినా మిగిలిన కంటితో ఇంకా రెండుగానే, లేదా బొమ్మ పక్కన నీడలాగా కనిపిస్తుంటే, సమస్య దాదాపు ఎప్పుడూ ఆ కంటిలోనే ఉంటుంది. శుక్లం, కన్ను పొడిబారడం, కనుగుడ్డు పైపొర వంపులో తేడా, సరిపడని కళ్ళజోడు వంటివి ఇలా చేస్తాయి. దీనికి కంటి డాక్టరును తీరిగ్గా కలిస్తే చాలు, హడావుడి అక్కరలేదు.

ఇంకో సంగతి కూడా గమనించండి. కన్ను మూయగానే రెండో బొమ్మతో పాటు తల తిరగడం కూడా తగ్గిపోతే, ఆ తిప్పట రెండు బొమ్మల గందరగోళం వల్ల పుట్టినది కావచ్చు. కన్ను మూసి పడుకున్నా గిర్రున తిరగడం ఆగకపోతే, తిప్పటకు దాని సొంత కారణం వేరే ఉందన్నమాట.

రెండు లక్షణాలూ కలిసి వస్తే ఎందుకంత జాగ్రత్త పడతారు?

పుర్రె అడుగున, మెదడుకూ వెన్నుపాముకూ మధ్య బొటనవేలికి కాస్త పెద్దదిగా ఉండే మెదడు కాండం ఉంటుంది. మెదడు నుంచి నేరుగా బయలుదేరే నరాలను కపాల నరాలంటారు; వాటిలో కళ్ళను కదిపే మూడు, నాలుగు, ఆరో నరాల కేంద్రాలు అందులోనే ఉన్నాయి. చెవి నుంచి వచ్చే సమతుల్యత సమాచారం చేరే కేంద్రాలూ అందులోనే ఉన్నాయి. ఈ రెండింటినీ కలిపే తీగలాంటి నరాల కట్ట వల్లనే మనం తల ఊపుతూ కూడా ఎదుటివారి ముఖాన్ని స్థిరంగా చూడగలుగుతాం. ఇంత ఇరుకు చోటులో చిన్న దెబ్బ తగిలినా చూపు, నిలకడ రెండూ ఒకేసారి దెబ్బతినవచ్చు. అందుకే గిర్రున తిరగడమూ, రెండు కళ్ళతో చూసినప్పుడు మాత్రమే ఒకటి రెండుగా కనిపించడమూ హఠాత్తుగా కలిసి మొదలైతే, వేరే కారణం రుజువయ్యేదాకా అది మెదడు కాండానికి సంబంధించినదేనని భావించి డాక్టర్లు పరీక్షలు మొదలుపెడతారు.

పక్షవాతమంటే చెయ్యీ కాలూ పడిపోవడం, మూతి వంకర పోవడం కదా? అవేమీ లేకుండా కూడా వస్తుందా?

వస్తుంది. ఈ పేజీలో ఒక్క సమాధానమే చదివే తీరిక ఉన్నవారు దీన్ని చదవాలి.

మెదడుకు రక్తం రెండు దారుల్లో వెళుతుంది. ముందు దారి మెడకు ఇరుపక్కలా వేలికి కొట్టుకుంటూ తెలిసే ధమనులది. వెనుక దారి మెడ ఎముకల రంధ్రాల గుండా పైకి వెళ్ళి, పుర్రె లోపల ఒక్కటిగా కలిసే రెండు వెన్నుపూస ధమనులది. చెయ్యీ కాలూ పడిపోయే పక్షవాతం ఎక్కువగా ముందు దారి మూసుకుపోవడం వల్ల వస్తుంది. రక్తం గడ్డకట్టడం వల్ల వచ్చే పక్షవాతాల్లో సుమారు అయిదింట ఒకటి వెనుక దారిలో వస్తుంది. ఆ వెనుక దారే మెదడు కాండానికీ, చిన్నమెదడుకూ, చూపును గ్రహించే మెదడు భాగానికీ రక్తం అందిస్తుంది. అందువల్ల అక్కడ అడ్డు ఏర్పడితే హఠాత్తుగా గిర్రున తిరగడం, ఒకటి రెండుగా కనిపించడం, మాట ముద్దగా రావడం, గుటక పడకపోవడం, ఆసరా లేకుండా కూర్చోలేకపోవడం, ముఖం ఒకవైపు తిమ్మిరెక్కడం వంటివి కనిపిస్తాయి. చేతి పట్టు మాత్రం గట్టిగానే ఉండవచ్చు. కొందరిలో ఆగని వెక్కిళ్ళు కూడా ఉంటాయి.

ముఖం, చెయ్యి, మాట చూడండి అంటూ చేసే ప్రచారం మంచిదే. కానీ వెనుక దారి పక్షవాతం ఆ జల్లెడలోంచి జారిపోతుంది. ఇప్పుడు చాలా చోట్ల ఆ మూడింటికి ముందు నిలకడ, చూపు అనే రెండింటిని చేర్చి చెబుతున్నది ఇందుకే.

సమయం ఇక్కడ ప్రాణంతో సమానం. గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను సాధారణంగా లక్షణాలు మొదలైన 4.5 గంటల లోపే ఇస్తారు. పెద్ద ధమని మూసుకుపోయినప్పుడు గొట్టం పంపి గడ్డను బయటికి లాగే చికిత్సను ఎంపిక చేసిన కొందరిలో 24 గంటల వరకూ చేస్తారు. ఏ చికిత్స అయినా ఎంత ముందు చేస్తే అంత మెదడు మిగులుతుంది. మన ఇళ్ళల్లో ఈ గంటలు ఎలా పోతాయో అందరికీ తెలిసిందే: "పైత్యం చేసింది, కాస్త నిమ్మరసం తాగి పడుకో" అంటారు, తరువాత గ్యాస్ మాత్ర ఇస్తారు, ఆపైన వీధి చివరి క్లినిక్‌లో సెలైన్ ఎక్కిస్తారు, పెద్దాసుపత్రికి చేరేసరికి తెల్లవారుతుంది. రక్తపోటు, షుగరు, పొగతాగే అలవాటు, గుండె లయ తప్పే జబ్బు ఉన్నవారి విషయంలో ఈ ఆలస్యం మరింత ప్రమాదకరం. 108కి ఫోన్ చేసి, సీటీ స్కాన్ సదుపాయం ఉన్న ఆసుపత్రికి నేరుగా తీసుకువెళ్ళండి. మనిషి చివరిసారిగా బాగున్న సమయాన్ని గుర్తుపెట్టుకోండి, అక్కడ మొదట అడిగే ప్రశ్న అదే. గుటక పరీక్షించేదాకా నీళ్ళు గాని మాత్రలు గాని నోటికి అందించకండి.

పది నిమిషాల్లో తనంతట తానే తగ్గిపోయింది. ఇంకా ఆసుపత్రికి వెళ్ళాలా?

అదే రోజు వెళ్ళాలి. గడ్డ కాసేపు అడ్డుపడి తానే కరిగిపోయినప్పుడు ఇలాంటి తాత్కాలిక పక్షవాతం వస్తుంది. దీని తరువాత అసలు పక్షవాతం వచ్చే ముప్పు మొదటి 48 గంటల్లోనే అన్నిటికన్నా ఎక్కువ. తగ్గిపోయింది కనుక చిన్నదే అనుకోవడం సహజమే గాని, నివారణకు అన్నిటికన్నా విలువైన అవకాశం ఆ రెండు రోజులే.

చెవి సమస్య వల్ల ఒకటి రెండుగా కనిపిస్తుందా?

సాధారణంగా కనిపించదు. మంచం మీద పక్కకు ఒరిగినప్పుడు, అల్మరా పై అరను చూడటానికి తల ఎత్తినప్పుడు ఒక నిమిషం లోపు గిర్రున తిరిగి ఆగిపోయేది చాలావరకు లోపలి చెవిలోని సున్నపు రేణువులు చోటు తప్పడం వల్ల వచ్చేది. దీనికి మందులకన్నా, డాక్టరు తలను ఒక క్రమంలో తిప్పి ఆ రేణువులను వెనక్కి పంపే పద్ధతి బాగా పనిచేస్తుంది. చెవి తిప్పట సమయంలో కనుగుడ్లు అదురుతాయి కాబట్టి వస్తువులు ఊగుతున్నట్టు, చెదిరినట్టు కనిపిస్తాయి. దీన్ని చాలామంది "రెండుగా కనిపించింది" అని చెబుతారు. ఊగే ఒక్క బొమ్మ వేరు, నిలకడగా పక్కపక్కన ఉన్న రెండు బొమ్మలు వేరు. రెండోది నిజంగా ఉంటే దాన్ని చెవి ఖాతాలో వేయకూడదు.

మెడ నరాలు నొక్కుకుపోవడం వల్ల ఇలా వస్తుందని చెప్పారు. నిజమేనా?

నలభై దాటిన చాలామందికి ఎక్స్‌రే తీస్తే మెడ ఎముకల్లో కొంత అరుగుదల కనిపిస్తుంది, కాబట్టి తల తిరిగే ప్రతివారికీ "మెడ అరిగింది" అని చెప్పడం సులువు. కేవలం అరుగుదల వల్ల వస్తువులు రెండుగా కనిపించవు.

అయితే మెడకు సంబంధించిన నిజమైన ప్రమాదం ఒకటుంది, దాని గురించే తక్కువ మాట్లాడుకుంటాం. మెడ ఒక్కసారిగా విసురుగా తిరిగినప్పుడు వెన్నుపూస ధమని లోపలి పొర చిరిగి, అక్కడ గడ్డకట్టి, పైకి కొట్టుకుపోయి పక్షవాతం తేగలదు. యాభై ఏళ్ళ లోపు వారిలో వచ్చే పక్షవాతానికి ఇది ముఖ్య కారణాల్లో ఒకటి. క్షవరం అయ్యాక తలను రెండు చేతులా పట్టుకుని పటుక్కున విరిచే అలవాటు మన ఊళ్ళలో ఇంకా ఉంది, అది హాయిగా అనిపిస్తుందన్న మాటా నిజమే. సెలూన్‌లో జుట్టు కడిగేందుకు మెడను బేసిన్ అంచున చాలాసేపు వెనక్కి వంచి ఉంచడం వల్ల కూడా ఇలాంటి పక్షవాతం రావచ్చని 1993 నుంచే వైద్య పత్రికల్లో నమోదై ఉంది. ఇది అరుదైన సంగతే. కానీ మెడ విరిపించుకున్న కొన్ని గంటల్లో గాని కొన్ని రోజుల్లో గాని మెడ వెనుక ఒకపక్క కొత్త నొప్పి, తల తిప్పట, రెండు చూపు మొదలైతే, ఆ విరుపు సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పండి. అడిగితే తప్ప ఎవరూ చెప్పని వివరం ఇది.

మైగ్రేన్‌లో ఇలా జరుగుతుందా?

జరుగుతుంది. మెదడు కాండపు సూచనలతో వచ్చే ఒక రకం మైగ్రేన్‌లో తలనొప్పికి ముందు గిర్రున తిరగడం, రెండు చూపు, చెవిలో హోరు, మాట తడబాటు వస్తాయి. ఇవి మెల్లగా పెరిగి 5 నుంచి 60 నిమిషాల్లో తగ్గిపోతాయి. అయితే జీవితంలో మొదటిసారి ఇలా వచ్చినప్పుడు దాన్ని మైగ్రేన్ అని ఇంట్లో తేల్చుకోకూడదు. మిగతావన్నీ కాదని తేలాకే ఆ పేరు పెట్టాలి.

మూర్ఛకు మందులు వాడుతున్నాను. వాటికీ దీనికీ సంబంధం ఉందా?

చాలా దగ్గరి సంబంధం ఉంది. ఫెనిటాయిన్, కార్బమజెపిన్, లామోట్రిజిన్ వంటి మందులు రక్తంలో మోతాదు మించినప్పుడు తల తిరగడం, రెండు చూపు, తాగినవాడిలా తూలడం మూడూ కలిసి వస్తాయి. ఫెనిటాయిన్‌ది విచిత్రమైన గుణం: కాలేయం దాన్ని ఒక హద్దు వరకే వదిలించగలదు. ఆ హద్దు దాటాక మాత్రను కొద్దిగా పెంచినా రక్తంలో స్థాయి అమాంతం ఎగబాకుతుంది. రక్తపరీక్షలో మిల్లీలీటరుకు 10 నుంచి 20 మైక్రోగ్రాముల మధ్య ఉండవలసిన మందు 30 దాటితే మనిషి నిలబడి నడవలేడు. కార్బమజెపిన్ వాడేవారిలో మాత్ర వేసుకున్న కొన్ని గంటలకు చూపు చెదిరి, సాయంత్రానికి సర్దుకోవడం కనిపిస్తుంది.

మాత్ర మార్చకపోయినా ఇలా జరగవచ్చు. జలుబు, దగ్గుకని ఇచ్చిన క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ కార్బమజెపిన్ స్థాయిని పెంచేస్తాయి. క్షయకు వాడే ఐసోనియాజిడ్ ఈ మందులను ఒంట్లో నిలవ చేస్తుంది, అదే చికిత్సలో ఉండే రిఫాంపిసిన్ అందుకు విరుద్ధంగా వాటిని త్వరగా బయటికి పంపేస్తుంది, కాబట్టి ఎటు మొగ్గుతుందో రక్తపరీక్ష లేకుండా చెప్పలేం. కొత్త మందు ఏది మొదలైనా మూర్ఛ మాత్రల చీటీ కూడా చూపించండి. తల తిరుగుతోందని మూర్ఛ మందును ఒక్కసారిగా ఆపడం మాత్రం ప్రమాదం, దానివల్ల ఆగకుండా మూర్ఛలు రావచ్చు. మద్యం, నిద్రమాత్రలు, నరాల నొప్పికి ఇచ్చే ప్రెగాబలిన్, మానసిక వ్యాధికి ఇచ్చే లిథియం కూడా ఇలాంటి చిత్రాన్నే చూపగలవు.

ఉదయం బాగుండి, సాయంత్రానికి రెండుగా కనిపిస్తోంది. కనురెప్ప కూడా వాలుతోంది. ఏమై ఉంటుంది?

మయస్థీనియా గ్రేవిస్ అనే జబ్బును మొదట అనుమానించాలి. నరం నుంచి కండరానికి సందేశం చేరే చోట దేహమే తయారుచేసుకున్న ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) అడ్డుపడటం వల్ల, వాడేకొద్దీ కండరం అలసిపోతుంది, విశ్రాంతి ఇస్తే కోలుకుంటుంది. సగానికి పైగా రోగుల్లో ఇది కళ్ళతోనే మొదలవుతుంది. నిజమైన గిర్రున తిరగడం ఇందులో ఉండదు, రెండు బొమ్మల వల్ల కలిగే తికమకనే రోగి తల తిరగడమంటాడు. వాలిన రెప్ప మీద రెండు నిమిషాలు మంచు ముక్కల సంచి పెడితే రెప్ప లేవడం ఒక సులువైన ఆధారం. నమలడం, మింగడం, ఊపిరి తీయడం కష్టమైతే ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

సరిగ్గా ఆ సందేశం చేరే చోటనే దెబ్బకొట్టేది మరొకటుంది, అది పొలాలున్న ఊళ్ళలో వానాకాలంలో మరచిపోకూడనిది: కట్లపాము కాటు. ఇది ఎక్కువగా రాత్రిపూట, నేల మీద పడుకున్నవారిని కాటు వేస్తుంది. కాటు నొప్పి తెలియకపోవచ్చు, వాపు ఉండదు, గాటు కూడా వెతికితే తప్ప కనిపించదు. తెల్లవారుజామున కడుపునొప్పి, తల దిమ్ము, రెప్పలు వాలడం, ఒకటి రెండుగా కనిపించడం, గొంతు పట్టేయడం వరుసగా వచ్చి, చివరకు ఊపిరి కండరాలు ఆగిపోతాయి. పాము కరిచినట్టు ఎవరూ చూడలేదన్న కారణంతో దీన్ని కొట్టిపారేయకూడదు. నాటు మందు, మంత్రం అంటూ తిరగకుండా, విషానికి విరుగుడు ఇంజెక్షనూ, కృత్రిమ శ్వాస యంత్రమూ ఉన్న ఆసుపత్రికి చేరిస్తే ఇలాంటివారు పూర్తిగా కోలుకోగలరు.

షుగరు ఉన్నవారికి ఎలా వస్తుంది?

రెండు విధాలుగా వస్తుంది. చక్కెర బాగా పడిపోయినప్పుడు చెమట, వణుకు, తల తిప్పటతో పాటు చూపు చెదిరి, తీపి తీసుకోగానే సర్దుకుంటుంది. రెండోది, ఏళ్ళ తరబడి షుగరు ఉన్నవారిలో కంటిని కదిపే నరానికి రక్తం అందించే సన్నని నాళం మూసుకుపోయి ఒక కన్ను పక్కకు తిరగలేకపోవడం. భయపెట్టినా, ఇది చాలామందిలో మూడు నెలల్లో తగ్గుతుంది. కానీ కన్ను కిందికీ బయటికీ వెళ్ళి, రెప్ప మూసుకుపోయి, కనుపాప కూడా పెద్దదైతే దాన్ని షుగరు లెక్కలో వేయకండి. మెదడు ధమని ఉబ్బి నరాన్ని నొక్కుతూ ఉండవచ్చు. అది పగిలేలోగా గుర్తించాలి.

వాంతులు, తాగుడు, తిండి లేకపోవడం వల్ల ఇలా జరుగుతుందా?

1881లో కార్ల్ వెర్నికే అనే జర్మన్ వైద్యుడు ముగ్గురు రోగులను వర్ణించాడు. కళ్ళు కదలక రెండుగా కనిపించడం, నడక తూలడం, మతి గందరగోళం ముగ్గురిలోనూ ఉన్నాయి. ఇద్దరు తాగుబోతులు, మూడో ఆమె ఆమ్లం మింగి ఆపై వాంతులతో చిక్కిపోయిన కుట్టుపని చేసే యువతి. అసలు కారణం థయమిన్, అంటే విటమిన్ బి1 లోపమని తరువాతి కాలంలో తెలిసింది. ఇదే విటమిన్ కొరత వల్ల వచ్చే బెరిబెరి ఒకప్పుడు మన ఉత్తర సర్కారు జిల్లాల్లో, మరపట్టిన తెల్లబియ్యం ఎక్కువగా తినే చోట్ల, స్థిరపడిపోయిన జబ్బు.

ఈనాడు దీన్ని తాగుడు అలవాటున్నవారిలోనే గాక, వారాల తరబడి వేవిళ్ళ వాంతులతో ఏమీ తినలేని గర్భిణుల్లోనూ, బరువు తగ్గే శస్త్రచికిత్స చేయించుకున్నవారిలోనూ చూస్తాం. థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజు మాత్రమే ఎక్కిస్తే, మిగిలిన కొద్ది విటమిన్ కూడా ఖర్చయి పరిస్థితి విషమించవచ్చు. నీరసంగా ఉన్న మనిషికి "ఒక గ్లూకోజు బాటిల్ పెట్టించండి" అనే మన అలవాటు ఇక్కడ బెడిసికొడుతుంది. థయమిన్ ఇంజెక్షన్ చవకైనదే. సకాలంలో ఇస్తే కళ్ళ కదలిక కొద్ది గంటల్లో గాని కొద్ది రోజుల్లో గాని మెరుగుపడుతుంది.

తలనొప్పి, వాంతులు కూడా ఉంటే?

పుర్రె లోపల ఒత్తిడి పెరిగినప్పుడు కంటిని కదిపే, పొడవైన దారిలో వెళ్ళే ఆరో కపాల నరం నలిగి, దూరపు వస్తువులు పక్కపక్కన రెండుగా కనిపిస్తాయి. మెదడులో కణితులు, క్షయ వల్ల వచ్చే మెదడు పొరల వాపు, మెదడులో నీరు చేరడం ఇందుకు కారణాలు. లావుగా ఉన్న యువతుల్లో ఏ కణితీ లేకుండానే ఒత్తిడి పెరగడమూ ఉంది. మొటిమలకు వాడే డాక్సీసైక్లిన్, ఐసోట్రెటినోయిన్ కూడా అలా చేయగలవు. బాలింతల్లో మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదాన్ని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. ప్రసవం తరువాత కొన్ని వారాల వరకు రక్తానికి గడ్డకట్టే గుణం ఎక్కువ, అలాంటప్పుడు "బాలింతకు నీళ్ళు ఎక్కువ ఇవ్వకూడదు" అని గొంతు తడిపి వదిలేయడం ఆ గుణానికి తోడవుతుంది. తగ్గని తలనొప్పి, చూపు చెదరడం, మూర్ఛ వస్తే ఇది బాలింత వాతమని కూర్చోకూడదు.

బండి మీద నుంచి పడ్డాక మొదలైంది. కొన్నాళ్ళకు అదే తగ్గుతుందా?

తగ్గవచ్చు, కానీ పరీక్ష చేశాకే ఆ మాట అనాలి. తలకు దెబ్బ తగిలినప్పుడు కంటిని కదిపే సన్నని నాలుగో కపాల నరం తేలికగా దెబ్బతింటుంది, అప్పుడు మెట్లు దిగేటప్పుడూ చదివేటప్పుడూ బొమ్మలు ఒకదానిపై ఒకటి కనిపిస్తాయి, మనిషి తెలియకుండానే తల ఒక పక్కకు వంచుతాడు.

స్కాన్ మామూలుగా ఉందన్నారు. ఇక నిశ్చింతేనా?

ఏ స్కాన్, ఎప్పుడు తీశారన్నది చూడాలి. సీటీ స్కాన్ రక్తస్రావాన్ని బాగా పట్టిస్తుంది గాని, చుట్టూ దట్టమైన ఎముక ఉండటం వల్ల మెదడు కాండంలోని చిన్న పక్షవాతాలను తరచూ వదిలేస్తుంది. ఎంఆర్ఐ మెరుగైనది, అయినా మొదటి 48 గంటల్లో తీసినదానిలో వెనుక భాగపు చిన్న పక్షవాతాలు కొన్ని కనిపించవు. ఎడతెగని తిప్పటతో వచ్చిన రోగి కళ్ళను మంచం పక్కనే మూడు రకాలుగా పరీక్షిస్తే, తొలి గంటల ఎంఆర్ఐ కన్నా మెరుగ్గా పక్షవాతాన్ని గుర్తించవచ్చని 2009లో వెలువడిన పరిశీలన చూపింది. తలను ఒక్కసారి తిప్పినప్పుడు కన్ను నిలబడుతుందా, కనుగుడ్డు అదురు దిశ మారుతుందా, కళ్ళలో ఒకటి పైకి ఒకటి కిందికి ఉన్నాయా అన్నవే ఆ మూడు. అయితే అది చేయి తిరిగిన డాక్టరు చేయవలసిన పరీక్ష. లక్షణాలు సాగుతూ ఉంటే స్కాన్ మళ్ళీ తీయమని అడగడంలో తప్పు లేదు.

ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళాలి? అంతవరకు ఏం చేయాలి?

హఠాత్తుగా వచ్చినదైతే డాక్టరును ఎంచుకునే పని లేదు, అత్యవసర విభాగానికే వెళ్ళాలి. మెల్లగా వచ్చి, ఒక కన్ను మూసినా తగ్గని రెండు చూపుకు కంటి డాక్టరు, కన్ను మూస్తే తగ్గేదానికి న్యూరాలజిస్టు. అంతవరకు బండి నడపకండి, నిచ్చెన ఎక్కకండి, బావి గట్టునా మేడ అంచునా నిలబడకండి. పని తప్పనిసరైతే ఒక కంటికి గంతలాగా కట్టుకోవచ్చు. ఇది చికిత్స కాదు, తాత్కాలిక వెసులుబాటు మాత్రమే. తిప్పటకు మందుల దుకాణంలో ఇచ్చే బీటాహిస్టిన్, ప్రోక్లోర్‌పెరజిన్ మాత్రలు రెండు చూపుకు కారణమైన దేనినీ నయం చేయవు. ప్రోక్లోర్‌పెరజిన్‌ను, తిప్పటకే ఇచ్చే సిన్నరిజిన్‌ను నెలల తరబడి వాడితే వణుకు, బిగుసుకుపోవడం వంటి కొత్త బాధలు రావచ్చు.

లక్షణాలు ఉన్నప్పుడే ఇంట్లోవారెవరైనా రోగి కళ్ళను ఫోన్‌లో అర నిమిషం వీడియో తీసి ఉంచితే మంచిది. ముఖం నిండా పడేలా, ముందు ఎదురుగా చూస్తూ, తరువాత కుడికీ ఎడమకూ చూస్తూ తీయాలి. ఆసుపత్రికి చేరేసరికి తగ్గిపోయే రెప్ప వాలడాన్నీ, కనుగుడ్డు అదురునూ డాక్టరు ఆ వీడియోలో చూడగలరు.